14 రొయ్యల గుంటలకు సొంత సర్వర్‌లో బోర్డు: మెటాబేస్ ఉంచాలా, సూపర్‌సెట్‌కి పోవాలా, గ్రఫానా చాలా?

గుంటగట్టు
మా బాబాయికి విడవలూరు పక్కన 14 రొయ్యల గుంటలున్నాయి, అన్నీ వనామీ రకం రొయ్యలే. ఇన్నాళ్లూ లెక్కంతా ఒక పొడుగాటి పుస్తకంలో ఉండేది. తెల్లవారి ఐదింటికి, సాయంత్రం ఐదింటికి ఆక్సిజన్, పీహెచ్. వారానికోసారి ఉప్పు శాతం, అమ్మోనియా. రోజుకు నాలుగు పూటల మేత, మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలో ఎంత మిగిలింది, వారం పది రోజులకోసారి వల వేసి చూసిన తూకం. మొన్న కార్తీకం వానల్లో ఆ పుస్తకం తడిసి ముద్దయింది. అప్పుడు నన్ను పిలిచి "కంప్యూటర్ చదివావు గదా, ఏదో ఒకటి చెయ్యి" అన్నాడు.

ఇప్పుడు సూపర్‌వైజర్ ఫోన్‌లో ఫారం నింపుతాడు. నేను రాసిన చిన్న స్క్రిప్టు దాన్ని పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో వేస్తుంది. రెండు గుంటల్లో ఆక్సిజన్ సెన్సర్లు కూడా దించాం, ఐదు నిమిషాలకోసారి రీడింగు పంపుతాయి. వీటన్నిటి మీద మెటాబేస్ పెట్టాను, డేటాబేస్‌లోని లెక్కలను చార్టులుగా, బోర్డుగా చూపించే సాఫ్ట్‌వేర్ అది. గ్రఫానా, సూపర్‌సెట్ కూడా అలాంటివే. అద్దె సర్వర్, ర్యామ్ 1 జీబీ. వారానికి రెండుసార్లు మెటాబేస్ దానంతటదే ఆగిపోతోంది. బాబాయి ఫోన్ చేసి "నీ బోర్డు మళ్లీ పడుకుంది" అంటాడు.

దానికంటే పెద్ద బాధ ఇంకోటి ఉంది. తెల్లవారి ఐదింటి రీడింగు ముందు రోజు రాత్రి 11:30 అని చూపిస్తోంది. పోయిన ఆదివారం పొద్దున 6వ గుంటలో ఆక్సిజన్ 2.8కి పడిపోయి అందరం పరుగులు పెట్టాం. బోర్డులో అది శనివారం కింద ఉంది! అనుమానం వచ్చి అదే డేటాబేస్ మీద గ్రఫానా పెట్టి చూశాను. అందులో సరిగ్గా ఐదు అనే వస్తోంది. అంటే తప్పు మెటాబేస్‌దే కదా?

ఆఫీసులో ఒకాయన సూపర్‌సెట్‌కి పొమ్మంటున్నాడు. ముగ్గురు భాగస్తులున్నారు, ఎవరి గుంటలు వాళ్లకే కనపడాలి. రాత్రి ఆక్సిజన్ పడితే ఫోన్ మోగాలి. అంతా నెలకు వెయ్యి రూపాయల లోపు తేలాలి. ఏది పెట్టుకోమంటారు?

కావలి_కోడర్
గ్రఫానా. ఇంకేం ఆలోచించకు.

చీమకుర్తి_నల్లరాయి
పైన కావలి_కోడర్ భాగస్తుల సంగతి చదవకుండానే తీర్పు చెప్పేశాడు. ఎవరి వరసలు వాళ్లకే కనపడాలంటే ఉచితంగా దొరికేది సూపర్‌సెట్‌లోనే. మెటాబేస్‌లో ఆ సౌకర్యం డబ్బు కట్టిన వాళ్లకే ఇస్తారు. సూపర్‌సెట్‌లో ఒక్కో భాగస్తుడికి ఒక రోల్ పెట్టి, "భాగస్తుడు = ఫలానా" అని ఒక షరతు రాస్తే చాలు. ఏ చార్టు తెరిచినా ఆ షరతు దానంతటదే తగులుకుంటుంది.

మాది గ్రానైట్ ఫ్యాక్టరీ. క్వారీ నుంచి వచ్చిన బ్లాకు ఏది, ఎన్ని స్లాబులు కోశాం, ఎన్ని విరిగాయి, ఏ గ్యాంగ్‌సా (బ్లాకులు కోసే రంపం మిషన్) మీద ఎన్ని గంటలు పట్టింది, అన్నీ సూపర్‌సెట్‌లోనే చూస్తాం. రెండేళ్లయింది.

బ్యారన్_బుల్లోడు
మాది కొండపి. నాన్న పొగాకు లెక్కంతా ఎక్సెల్‌లోనే పెడతాడు. ఏ బ్యారన్‌లో (పొగాకు కాల్చే గది) ఎంత కాలింది, వేలంలో ఏ బేలుకు ఎంత పలికింది, అన్నీ. ఇరవై ఏళ్లలో ఆ ఎక్సెల్ ఒక్కసారి కూడా "పడుకోలేదు". ఊరికే చెప్తున్నా 😄

గుంటగట్టు
@చీమకుర్తి_నల్లరాయి అన్నా, 1 జీబీలో సూపర్‌సెట్ నడుస్తుందా?

చీమకుర్తి_నల్లరాయి
నడవదు. అబద్ధం ఎందుకు చెప్పాలి. అది ఒక్క ప్రోగ్రాం కాదు, ఒక ఉమ్మడి కుటుంబం. వెబ్ ఒకటి, వెనక పనులు చేసే సెలరీ వర్కర్ ఒకటి, టైముకు లేపే బీట్ ఒకటి, తాత్కాలికంగా డేటా పెట్టుకునే రెడిస్ ఒకటి, దాని సొంత పోస్ట్‌గ్రెస్ ఒకటి. మాది 8 జీబీ మిషన్. 4 జీబీ కంటే తక్కువైతే నేనైతే మొదలుపెట్టను.

ఇంకోటి. డాకర్ (ప్రోగ్రాంలను కంటెయినర్లనే విడి డబ్బాల్లో నడిపే సాధనం) వాడి, దాని కంపోజ్ ఫైలు దింపుకుని ఒక్క కమాండ్ కొడితే లేస్తుంది గానీ, అది అసలు వాడకానికి కాదని వాళ్ల డాక్యుమెంట్లలోనే రాసి ఉంది. ఈ మధ్య వెర్షన్లలో పోస్ట్‌గ్రెస్‌తో మాట్లాడించే డ్రైవర్ కూడా మనమే ఇమేజ్‌లో (కంటెయినర్ తయారయ్యే అచ్చు) వేసుకోవాలి. నాకు మొదటిసారి ఒక శని, ఆదివారం మొత్తం పోయింది.

కావలి_కోడర్
మరి ఆయన దగ్గరున్నది వెయ్యి రూపాయలు. రొయ్య అమ్మి సర్వర్ కొనమంటావా?

నిమ్మతోట
మాది పొదలకూరు. నిమ్మకాయల వ్యాపారం. రోజూ ఎన్ని బస్తాలు వచ్చాయి, ఏ సైజుకు ఎంత ధర, ఏ లారీ ఎటు పోయింది, ఇదే మా డేటా. నాలుగేళ్లుగా మెటాబేస్. మా గుమాస్తా పదో తరగతి. అతను నా సాయం లేకుండా "మే నెలలో ఢిల్లీకి ఎన్ని లారీలు" అని నొక్కి తెలుసుకుంటాడు. డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్ అక్షరం రాదు. ఈ సుఖం మిగతా రెండిట్లో లేదు. అడ్మిన్‌లోకి పోయి టేబుల్ వివరాల్లో కాలమ్ పేర్లు తెలుగులో పెట్టేశాను. "బస్తాలు", "కాటా తూకం", "కమీషన్". అతనికి అది తన చిట్టా పుస్తకం లాగే కనిపిస్తుంది.

కానీ తమ్ముడూ, ఒక్క మాట. నువ్వు మెటాబేస్‌ను ఉన్నది ఉన్నట్టు లేపావా, లేక దానికి వేరే డేటాబేస్ చూపించావా?

గుంటగట్టు
డాకర్‌లో ఒక్క కమాండ్ కొట్టాను అన్నా, లేచింది. వేరే ఏం చూపించలేదు.

నిమ్మతోట
అదే భయపడ్డాను. అలా లేపితే నువ్వు తయారుచేసిన ప్రశ్నలు, బోర్డులు, యూజర్లు అన్నీ లోపల హెచ్2 అనే చిన్న ఫైలు డేటాబేస్‌లో పడతాయి. ఆ ఫైలు కంటెయినర్ లోపలే ఉంటుంది. రెండో ఏడు నేను కొత్త వెర్షన్ వేద్దామని పాత కంటెయినర్ తీసేశాను. తెల్లారి చూస్తే మెటాబేస్ నన్ను "స్వాగతం, మీ పేరేంటి" అని అడిగింది. నిమ్మకాయల డేటా వేరే చోట ఉంది కాబట్టి బతికింది. అరవై ప్రశ్నలు, తొమ్మిది బోర్డులు మాత్రం గాలికి పోయాయి. తప్పు నాదే. అసలు వాడకానికి హెచ్2 వద్దని వాళ్లు రాసే ఉంచారు, నేను చదవలేదు.

ఇవాళే మార్చుకో. నీకు ఎలాగూ పోస్ట్‌గ్రెస్ ఉంది. అందులో మెటాబేస్ కోసం ఇంకో ఖాళీ డేటాబేస్ తెరువు. హెచ్2లో ఉన్నది అందులోకి తెచ్చే కమాండ్ మెటాబేస్‌లోనే ఉంది, లోడ్ ఫ్రమ్ హెచ్2 అని. ముందు మెటాబేస్ ఆపి, ఆ ఫైలు కాపీ తీసుకుని, అప్పుడు కొట్టు.

గుంటగట్టు
అమ్మో. ఇప్పుడే కాపీ తీసి పెట్టాను. గుండె దడ తగ్గలేదు ఇంకా.

సింగరాయకొండ_సిరి
నేను ఇంటి నుంచే డేటా అనలిస్టుగా పనిచేస్తాను. రొయ్యలు తినడమే తప్ప పెంచడం తెలియదు, కాబట్టి తప్పయితే చెప్పండి. రెండు విషయాలు అడుగుతాను.

ఆ 11:30కి, నిజమైన ఐదింటికి తేడా ఎంత? ఐదున్నర గంటలు. ఈ అంకె చూస్తే ఏమీ గుర్తు రావట్లేదా ఎవరికీ?

ఇంకొకటి, ఆ కాలమ్ రకం ఏంటి? ఉత్త టైమ్‌స్టాంపా, టైమ్‌జోన్ కూడా పట్టించుకునే టైమ్‌స్టాంప్‌టీజెడ్డా?

బ్యారన్_బుల్లోడు
లండన్ టైము!!

గుంటగట్టు
ఉత్త టైమ్‌స్టాంప్ అక్కా. కానీ మెటాబేస్ సెట్టింగుల్లో రిపోర్ట్ టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా అని పెట్టాను. ఏమీ మారలేదు. అందుకే మెటాబేస్‌లోనే తప్పుందన్నాను.

సింగరాయకొండ_సిరి
మారదు. నీ స్క్రిప్టు సర్వర్ గడియారం ప్రకారం యూటీసీలో, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక టైములో రాస్తోంది. పోస్ట్‌గ్రెస్‌లో ఉత్త టైమ్‌స్టాంప్ అంటే అంకె ఉంటుంది గానీ అది ఏ ఊరి గడియారమో రాసి ఉండదు. మెటాబేస్ ఏమనుకుంటుందంటే, "ఇందులో ఏ ఊరో లేదు, నేనెందుకు కదిలించాలి" అని ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. నువ్వు పెట్టిన సెట్టింగ్ టీజెడ్ ఉన్న కాలమ్‌లకే పనిచేస్తుంది. గ్రఫానా అలా కాదు, ఊరు రాయకపోతే యూటీసీ అనుకుంటుంది, నీ బ్రౌజర్ ఇండియాలో ఉంది కాబట్టి ఐదున్నర కలిపి చూపిస్తుంది. నీ అదృష్టం కొద్దీ అది నిజమైంది. అదే నీ స్క్రిప్టు మన టైములో రాసి ఉంటే గ్రఫానాలో పొద్దున 10:30 అని వచ్చేది, నువ్వు గ్రఫానాను తిట్టేవాడివి.

కాబట్టి రెండిట్లో దేనిదీ తప్పు కాదు. కాలమ్ రకాన్ని టైమ్‌స్టాంప్‌టీజెడ్‌కి మార్చు. మార్చే ఎస్‌క్యూఎల్ కమాండ్‌లో యూజింగ్ అనే మాట తర్వాత "ఎట్ టైమ్ జోన్ యూటీసీ" అని తప్పకుండా రాయి, లేకపోతే పాత అంకెలను పోస్ట్‌గ్రెస్ తన సెషన్ టైమ్‌జోన్ ప్రకారం అర్థం చేసుకుంటుంది. ముందు టేబుల్ కాపీ.

గుంటగట్టు
అక్కా!! ఇప్పుడు అర్థమైంది. మేత మొదటి పూట 6 గంటలకి. బోర్డులో అది అర్ధరాత్రి 12:30 అని ఉంది. తేదీ కలిసింది కాబట్టి నేను గంట వైపు చూడనే లేదు. ఐదున్నర లోపు రాసినవే ముందు రోజుకు జారాయి. అందుకే మేత లెక్క పుస్తకంతో కలిసింది, పొద్దుటి ఆక్సిజన్ ఒక్కటే కలవలేదు.

సింగరాయకొండ_సిరి
ఐదింటికే ఎందుకు చూస్తారు? కాస్త వెలుగొచ్చాక చూడకూడదా?

మైపాడు_గాలి
వెలుగొచ్చాక చూస్తే రొయ్య ఉండదమ్మా 🙂 పగలు నీళ్లలో పాచి ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే పీల్చుకుంటుంది. తెల్లవారేసరికి అడుగంటుతుంది. మూడు కంటే తగ్గితే రొయ్యలు పైకి తేలి అంచులకు వస్తాయి. అది కంటికి కనపడే దాకా ఆగావంటే పంట సగం పోయినట్టే.

సింగరాయకొండ_సిరి
అలాగా. అయితే ఆ ఒక్క రీడింగే ముందు రోజుకు జారడం మామూలు తప్పు కాదు.

కావలి_కోడర్
సరే, టైము సంగతి తేలింది. ఇప్పుడైనా వినండి. రాత్రి ఫోన్ మోగాలన్నాడు. మెటాబేస్‌లో అలర్టు పెడితే మామూలుగా మెయిల్ వస్తుంది. రాత్రి రెండింటికి మెయిల్ ఎవరు చూస్తారు? గ్రఫానా పుట్టిందే ఇలాంటి పనికి. 2014లో టోర్కెల్ ఓడెగార్డ్ అనే డెవలపర్ కిబానా 3 అనే ఇంకో చార్టుల సాఫ్ట్‌వేర్ కోడ్‌ను విడదీసి గ్రఫానాగా తెచ్చింది సర్వర్ల మీద నిఘా కోసమే. నీ గుంట కూడా ఒక సర్వర్ అనుకో, ఆక్సిజన్ పడితే డౌన్. నిమిషానికోసారి చూసుకుంటుంది, టెలిగ్రామ్‌కి నేరుగా పంపుతుంది. గో భాషలో రాశారు కాబట్టి ర్యామ్ తినేది తక్కువ. మా దగ్గర 200 ఎంబీ దాటిన రోజు లేదు.

గుంటగట్టు
టెలిగ్రామ్‌కి మా బాబాయి లేవడు అన్నా. ఆయన ఎయిరేటర్ల (నీళ్లలో గాలి కలిపే మిషన్లు) చప్పుడుకి అలవాటు పడి నిద్రపోతాడు. కరెంటు పోయి చప్పుడు ఆగితే మాత్రం టక్కున లేచి కూర్చుంటాడు. నిశ్శబ్దమే ఆయనకి అలారం.

బ్యారన్_బుల్లోడు
మీ బాబాయికి గ్రఫానా కంటే ముందు వెర్షన్ పుట్టుకతోనే ఇన్‌స్టాల్ అయింది.

మైపాడు_గాలి
నవ్వులాట కాదు గానీ, ఆయన పద్ధతిలోనే కిటుకుంది. గ్రఫానాలో అలర్టు రాసేటప్పుడు "ఆక్సిజన్ 3.5 కంటే తక్కువైతే" అని ఒక్కటే రాసి ఊరుకోవద్దు. రీడింగు రాకపోతే ఏం చేయాలి అని కింద ఇంకో గడి ఉంటుంది, నో డేటా అని. అక్కడ కూడా అలర్టే పెట్టు. కరెంటు పోతే గట్టు మీద వైఫై పోతుంది, సెన్సర్ మాట ఆగిపోతుంది. అప్పుడు అంకె పడదు, అంకె రాదు. మాకు మొదటి నెలలో జరిగింది ఇదే. బోర్డు మీద గీత 4.8 దగ్గర ప్రశాంతంగా ఆగి ఉంది. ఎవరూ గమనించలేదు. అది అరగంట కిందటి 4.8.

పైగా సర్వర్ గుంట దగ్గర పెట్టుకుంటే కరెంటుతో పాటు అదీ పోతుంది, ఇక అలర్టు పంపేదెవరు? నీది బయట అద్దెకుంది, అది మంచిదే.

పెద్దచెరువు
నేను వయసులో పెద్దవాణ్ని, ఎలక్ట్రీషియన్ని. మీరందరూ సర్వర్ దాకా పోయి వస్తున్నారు. సెన్సర్ ఉన్న డబ్బాలోనే ఒక రిలే (దానంతటదే పడే స్విచ్చు) పెట్టి గట్టు మీద సైరన్ బిగించండి. దానికి ఒక బ్యాటరీ. మూడు కంటే తగ్గితే మోగుతుంది. ఇంటర్నెట్ ఉన్నా లేకపోయినా మోగుతుంది. బోర్డు తర్వాత పొద్దున తీరిగ్గా చూసుకోవచ్చు.

కావలి_కోడర్
పెద్దాయన చెప్పింది ఒప్పుకోక తప్పదు. సైరన్ ముందు, గ్రఫానా తర్వాత.

కొత్తపట్నం_కెరటం
ఇంత దూరం వచ్చారు కాబట్టి నా కథ కూడా వినండి. మాకు 9 గుంటలు. సెన్సర్లు లేవు, చేతి మీటరే. ఏడాది పాటు రీడింగులు ఫారంలో పడ్డాయి, చార్టు చక్కగా ఉంది. ఒక రోజు ఊరికే మెటాబేస్‌లో ఆక్సిజన్ కాలమ్ మీద నొక్కి, ఏ అంకె ఎన్నిసార్లు వచ్చిందో చూశాను. 4.1, 4.2, 4.3 దగ్గర గడ్డిపోచల్లాంటి గీతలు. 4.5 దగ్గర మాత్రం తాటిచెట్టంత గీత! తొమ్మిది గుంటలకూ, వానకూ ఎండకూ అదే 4.5.

కుర్రాడిని అడిగితే నీళ్లు నమిలాడు. తర్వాత చెప్పాడు, చలికాలం ఐదింటికి తొమ్మిది గుంటల చుట్టూ తిరగలేక మొదటి రెండు చూసి మిగతావి గట్టు మీద కూర్చునే నింపేవాడట. తిట్టలేదు, తొమ్మిది గుంటలకీ ఒక్కడే. ఇంకో మనిషిని పెట్టాం. కానీ ఆ ఏడాది డేటా మొత్తం చెత్త. దాని మీద ఏ టూల్ పెట్టినా అదే అందమైన అబద్ధం చూపిస్తుంది.

గుంటగట్టు
ఇప్పుడే పరిగెత్తి మాది చూశాను. 5.0 దగ్గర చిన్న తాటిచెట్టు ఉంది 😐 10 నుంచి 14 దాకా గుంటలు. అవి రోడ్డుకు దూరంగా ఉన్నవి.

మైపాడు_గాలి
సెన్సర్లు ఉన్న రెండిటిని కూడా నమ్మకు. వాటి మొహానికి పాచి పడుతుంది. వారానికి రెండుసార్లు తుడవకపోతే గీత మెల్లగా కిందికి దిగుతూ ఉంటుంది, నీళ్లు బాగానే ఉన్నా. తుడిచిన రోజు కూడా ఫారంలో రాయించు. గ్రఫానాలో దాన్ని నిలువు గీతగా పెట్టుకో. గీత ఎక్కడ ఒక్కసారిగా లేచిందో, అక్కడ తుడిచినట్టు ఉంటే అది నీళ్ల మహిమ కాదు, గుడ్డ మహిమ.

ఉదయగిరి_చెంచా
రీడ్యాష్ అనే ఇంకో చార్టుల టూల్ సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? ఐదేళ్ల క్రితం మా ఆఫీసులో అదే ఉండేది. ప్రశ్న రాయి, చార్టు గియ్యి, లింకు పంపు, అంతే.

సింగరాయకొండ_సిరి
నాకూ ఇష్టమే. ఎస్‌క్యూఎల్ వచ్చినవాళ్లకి ఇప్పటికీ అంత తేలికైనది లేదు. 2020లో డేటాబ్రిక్స్ అనే కంపెనీ దాన్ని కొనుక్కుంది, 2021 చివర్లో వాళ్లు నడిపే హోస్టింగు మూసేశారు. సొంత సర్వర్‌లో పెట్టుకునే కోడ్ ఇంకా ఉంది, ఇప్పుడు వాడేవాళ్లే కలిసి చూసుకుంటున్నారు. ఇతని బాబాయికి ఎస్‌క్యూఎల్ రాదు కదా, అందుకే చెప్పలేదు.

చీమకుర్తి_నల్లరాయి
అందరూ కలిసి సూపర్‌సెట్‌ను పక్కన పడేశారు. భాగస్తుల సంగతి ఏం చేస్తారు మరి? గ్రఫానాలో ఫోల్డర్‌కి తాళం వేయొచ్చు. కానీ ఒక డేటా సోర్స్ (డేటాబేస్‌కి కలిపిన కనెక్షన్) అందుబాటులో ఉన్నవాడు, తెలివి ఉంటే, ఆ సోర్స్‌లో ఏదైనా అడగ్గలడు. బోర్డు దాచినంత మాత్రాన డేటా దాగదు.

నిమ్మతోట
ఉన్నది ముగ్గురే కదా. పోస్ట్‌గ్రెస్‌లో మూడు స్కీమాలు (డేటాబేస్ లోపలి విడి అరలు), ఒక్కోదాంట్లో ఆ భాగస్తుడి గుంటలు మాత్రమే వచ్చేలా వ్యూలు (అసలు టేబుల్‌ను వడపోసి చూపించేవి). మెటాబేస్‌లో మూడు గ్రూపులు, ఏ గ్రూపుకి ఆ స్కీమానే. ఆల్ యూజర్స్ అనే గ్రూపుకి మాత్రం అన్నీ తీసేయాలి, అది మర్చిపోతే అందరికీ అన్నీ కనపడతాయి. ఉచిత వెర్షన్‌లో ఇంతవరకు చేయొచ్చు. ముప్పైమంది భాగస్తులైతే నేనూ నీ సూపర్‌సెట్ వైపే వస్తాను.

చీమకుర్తి_నల్లరాయి
సరే, ముగ్గురికి అది చాలు. ఒప్పుకుంటున్నాను. కానీ మీరు సూపర్‌సెట్ పెట్టే రోజొకటి వస్తుంది, అప్పటికి రెండు మాటలు గుర్తుంచుకోండి. లాగిన్లకు ముద్ర వేసే సీక్రెట్ కీ మార్చండి. పాత వెర్షన్లలో అందరూ దాంతోపాటు వచ్చిన కీతోనే వదిలేసేవాళ్లు, దాంతో ఎవరైనా అడ్మిన్‌గా లోపలికి వచ్చే వీలుండేది. 2023లో బయటపడింది. ఇప్పుడు అలా వదిలేస్తే అసలు లేవనే లేవదు. రెండోది, పొద్దున్నే చార్టు ఫోటో మెయిల్‌కి పంపే ఏర్పాటు ఉంది. మాకు మొదటి రోజు తెలుగు పేర్ల చోట అన్నీ ఖాళీ పెట్టెలు వచ్చాయి. మా నాన్న "ఏంది, స్లాబులు పంపించావా" అన్నాడు. కంటెయినర్‌లో నోటో తెలుగు ఫాంటు వేశాక బాగైంది.

బ్యారన్_బుల్లోడు
😂😂 స్లాబులు

కావలి_కోడర్
రంధ్రాల మాట వచ్చింది కాబట్టి, @గుంటగట్టు నీ మెటాబేస్ 3000 పోర్టు బయటికి తెరిచి ఉందా? 2023 జులైలో దాంట్లో పెద్ద లోపం దొరికింది. పాస్‌వర్డ్ లేకుండానే సర్వర్ మీద కమాండ్లు కొట్టేంతది. వెంటనే సరిచేశారు, కానీ వెర్షన్ మార్చనివాళ్లు ఇప్పటికీ ఉంటారు. నీ వెర్షన్ ఎంత?

గుంటగట్టు
వెర్షన్ కొత్తదే, రెండు నెలల క్రితం వేశాను. పోర్టు... తెరిచే ఉంది. బాబాయి ఫోన్‌లో ఆ నంబర్లతోనే బుక్‌మార్క్ పెట్టాను. గ్రఫానాకి 3001. పాస్‌వర్డ్ అడగొద్దు.

కావలి_కోడర్
యూజర్ అడ్మిన్, పాస్‌వర్డ్ అడ్మిన్ అని ఇప్పుడు ఊరందరికీ తెలిసింది. పోయి మార్చు ముందు! ముందు క్యాడీ (బయటి నుంచి వచ్చేవాళ్లను తీసుకుని లోపలికి పంపే వెబ్ సర్వర్) పెట్టుకో, సొంత పేరు ఒకటి కొంటే హెచ్‌టీటీపీఎస్ దానంతటదే తెచ్చుకుంటుంది. మూడువేల పోర్టులు రెండూ బయటికి మూసెయ్.

ఉదయగిరి_చెంచా
గ్రఫానా లైసెన్స్ మార్చారంటగా, పర్లేదా?

కావలి_కోడర్
2021లో అపాచీ లైసెన్స్ నుంచి ఏజీపీఎల్ లైసెన్స్‌కి మార్చారు. మెటాబేస్ ఉచిత వెర్షన్ కూడా ఏజీపీఎల్లే. కోడ్ మార్చకుండా ఇంట్లో వాడుకునేవాడికి దిగులు లేదు. కోడ్ మార్చి నలుగురికి వాడకానికిస్తే అప్పుడు ఆ మార్పులు చూపించాలి.

సింగరాయకొండ_సిరి
అసలు మొదటి బాధ మిగిలిపోయింది. వారానికి రెండుసార్లు ఆగడం. సర్వర్ కెర్నల్ చిట్టా చూపించే డీమెసేజ్ కమాండ్‌లో "అవుట్ ఆఫ్ మెమరీ" అని, కింద జావా పేరు ఉంటుంది చూడు. మెటాబేస్ నడిచేది జావా మీద. 1 జీబీలో మెటాబేస్, పోస్ట్‌గ్రెస్, ఇప్పుడు గ్రఫానా. ముగ్గురు మనుషులు ఒక సైకిల్. కెర్నల్ అందరిలో లావుగా ఉన్నవాణ్ని దించేస్తోంది.

గుంటగట్టు
ఉంది అక్కా. పోయిన గురువారం, మళ్లీ ఆదివారం తెల్లవారి 5:10కి. సరిగ్గా అందరం ఫోన్లలో బోర్డు తెరిచిన టైము.

నిమ్మతోట
2 జీబీ తీసుకో, ఇంకో రెండు మూడు వందలు. పక్కన 2 జీబీ స్వాప్ (ర్యామ్ నిండితే వాడుకునే డిస్కు చోటు). జావాకి ఎక్స్ఎమ్ఎక్స్ (అది వాడుకునే మెమరీ హద్దు) 1 జీబీ దగ్గర కట్టేయి. బోర్డులో ఒక్కో చార్టు వేలాది సెన్సర్ వరసలు లాగకుండా, గంట గంటకి సగటు తీసిన టేబుల్ ఒకటి చేసుకుని దాన్ని చూపించు. ఐదు నిమిషాల గీత కావాలంటే గ్రఫానాలో చూసుకుంటారు.

గుంటగట్టు
నాలుగు రోజులైంది. చేసినవి చెప్తాను.

2 జీబీకి మారాను. హెచ్2 నుంచి పోస్ట్‌గ్రెస్‌కి వచ్చేశాను, ఒక్క ప్రశ్న కూడా పోలేదు. కాలమ్ మార్చాను, ఐదు ఐదుగానే కనపడుతోంది. మెటాబేస్ భాగస్తులకి, మేత లెక్కలకి. గ్రఫానా రెండు సెన్సర్లకి, నో డేటాతో సహా. సైరన్ బాబాయే ఒంగోలు నుంచి తెప్పించాడు. మొన్న రాత్రి ఒంటిగంటకి కరెంటు పోయింది. గ్రఫానా మెసేజ్ నాకు ఏడో నిమిషంలో వచ్చింది. నేను ఫోన్ చేసేసరికి జనరేటర్ చప్పుడు వినపడుతోంది. "నేను ఎప్పుడో లేచాలే, నువ్వు పడుకో" అన్నాడు.

10 నుంచి 14 దాకా గుంటల సంగతి సూపర్‌వైజర్‌తో మాట్లాడాను. ఆ వైపు దారిలో దీపాలు లేవు, పాములు. ఆ మాట ఎప్పుడూ ఎవరం అడగలేదు. రెండు సోలార్ దీపాలు వేస్తున్నాం.

బాబాయి బోర్డు మొత్తం చూసి, "బాగుంది, కౌంటు వచ్చింది, మేత వచ్చింది, రేటేది?" అన్నాడు. కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో. వంద కౌంటుకి ఎంత, ముప్పై కౌంటుకి ఎంత, ఇప్పుడు పడితే ఎంత, పది రోజులు ఆగితే ఎంత. రేటు రోజూ ఏజెంటు వాట్సాప్‌లో ఫోటో తీసి పంపుతాడు, చేత్తో రాసిన చీటీ. ఫోటోలోంచి అంకెలు తీసే ఉచిత టూల్ ఏదైనా ఉందా?

మైపాడు_గాలి
ఆ ఏజెంటు రాసే 7కి, 1కి తేడా వాళ్లింట్లో వాళ్లకే తెలియదు.

కావలి_కోడర్
దానికి వేరే పోస్టు పెట్టు అబ్బయ్యా. ఇది ఇప్పటికే పెన్నలా పారింది.